అధ్యక్షులవారికి చేరిన తల

నూకరాజుకు టీవీ చూడటం రాదని సత్యారావు అభిప్రాయం. భిలాయి సెక్టర్ 4లో వాళ్ల క్వార్టర్ల వరసలో మొట్టమొదట టీవీ కొన్నవాడు సత్యారావే కాబట్టి, ఎవరికి చూడటం వచ్చో ఎవరికి రాదో తేల్చే హక్కు తనకుందని ఆయన నమ్మకం.

అది 1985. ఆదివారాలు పొద్దుటిపూట ఒక విదేశీ సైన్సు సీరియల్ వచ్చేది. అందులో మనుషులు గాజు గొట్టంలాంటి యంత్రంలో నిలబడి, మెరుపుల్లో కరిగిపోయి, వేరే గ్రహం మీద తేలేవాళ్లు. వారం విడిచి వారం ఆ యంత్రం పాడయ్యేది. ఒకడు నడుం దాకా గోడలో ఇరుక్కుని తేలేవాడు. ఒకడు పిల్లాడిగా వెళ్లి ముసలాడిగా దిగేవాడు. ఒకావిడ ఇద్దరుగా తేలి తనతో తనే జుట్లు పట్టుకునేది. గదినిండా చాపల మీద కూర్చున్న జనం కొయ్యబారిపోయి చూస్తుంటే నూకరాజు ఒక్కడే మాట్లాడేవాడు.

“గోడ ఊగింది, సూసినారా? ఆడు ఊపిరి తీసినప్పుడల్లా కదుల్తంది. ప్లైవుడ్డుకి కన్నం కోసి ఆడి నడుం అందులో ఎట్టినారు.”

“నువ్వొల్లకుండవయ్యా,” అనేవాడు సత్యారావు.

“ఇక్కడ కెమెరా ఆపీసినారు. ఆడ్ని పక్కకి రమ్మని మళ్లీ తిప్పినారు. ఎనకాల కొమ్మ సూడండి, ఠక్కున జరిగింది. గాలి ఆగమంటే ఆగదు గదా.”

“వచ్చే ఆదివారం నీకు బయట చాప వేయిస్తాను. కిటికీలోంచి చూద్దువుగాని.”

నూకరాజుది చీపురుపల్లి దగ్గర ఒక ఊరు. ఇరవై ఏళ్ల వయసులో భిలాయి వచ్చి, ఉక్కు కారఖానాలో క్రేన్ డ్రైవరయ్యాడు. పైకప్పు కింద వేలాడే కేబిన్‌లో కూర్చుని, కింద మనుషులు చేత్తో చూపించే సైగలను బట్టి టన్నుల కొద్దీ ఇనుమును అంగుళాల లెక్కన కదపడం అతని ఉద్యోగం. ఎనిమిది గంటలు ఏ వస్తువు ఎక్కడుందో కళ్లతో కొలిచేవాడికి, వస్తువు ఎక్కడా కదలకుండా మాయమైపోవడం చూస్తే ఒళ్లు మండదూ? మండేది. అదే సమయంలో అలాంటిది తనూ ఒకటి చెయ్యాలని కూడా ఉండేది.

చెయ్యడానికి అతని దగ్గర కెమెరా ఉంది. డెబ్బై నాలుగులో ఒక రష్యన్ ఇంజనీరు దేశానికి తిరిగి వెళ్లిపోతూ తన సినిమా కెమెరాను నూకరాజుకిచ్చి, బదులుగా రెండు జాడీల ఆవకాయ పట్టుకెళ్లాడు. ఆ ఇంజనీరు ఆవకాయను రొట్టె మీద రాసుకుని, కళ్లల్లో నీళ్లు పెట్టుకుని, మళ్లీ రాసుకునేవాడట. పోతూ పోతూ కూడా జాడీల వైపే చూశాడు గాని కెమెరా వైపు చూడలేదని నూకరాజు భార్య తులసమ్మ ఇప్పటికీ గర్వంగా చెబుతుంది. ఆ ఆవకాయ ఆవిడ పెట్టినదే. తాళంచెవి తిప్పితే నడిచే కెమెరా, మాటలు పట్టని కెమెరా. బొంబాయిలో వార్తాచిత్రాలు తీసే ఆఫీసులో తులసమ్మ పినతండ్రి కొడుకు ఉండేవాడు. అతను పంపే ముక్కాచెక్కా ఫిల్ముతో నూకరాజు పదేళ్లపాటు బారసాలలూ పెళ్లిళ్లూ తీశాడు. ఫిల్మును బొంబాయికే పంపి కడిగించాలి. కడిగి తిరిగొచ్చేసరికి నెల పట్టేది. అప్పటిదాకా అందులో ఏం పడిందో దేవుడికి కూడా తెలియదు.

భిలాయిలోని ఉత్తరాంధ్రులకు ‘కళింగాంధ్ర మిత్రమండలి’ అని ఒకటుండేది. ఏటా వార్షికోత్సవంలో పౌరాణిక నాటకం వేసేవారు. ఆ ఏడు నూకరాజు లేచి, నాటకం బదులు సినిమా వేద్దామన్నాడు. కథ కూడా అతనిదే. ఒక శాస్త్రజ్ఞుడు భిలాయి నుంచి విజయనగరానికి రెప్పపాటులో మనిషిని చేర్చే యంత్రం కనిపెడతాడు. ఎందుకంటే రాయపూర్‌లో బండి మారి, ఒడిశా కొండలన్నీ ఎక్కి దిగి, మసిబారిన మొహాలతో ఊరు చేరేసరికి పెట్టిన సెలవులో రెండు రోజులు బండికే పోతున్నాయి. ఈ ముక్క వినగానే సభ్యులంతా చప్పట్లు కొట్టారు. మండలి చరిత్రలో అందరూ ఒప్పుకున్న తీర్మానం అదొక్కటే.

శాస్త్రజ్ఞుడి వేషం పరబ్రహ్మానిది. ఆయన కారఖానాలో టైంకీపరు, వేదిక మీద కృష్ణుడు. పాతికేళ్లుగా సాంబ్రాణి పొగలోంచి ప్రత్యక్షమవుతూ వస్తున్నవాడికి ఇప్పుడు పొగ లేకుండా మాయమవమంటే కష్టమైంది.

“పొగైతే నాకూ ఊపు వస్తుందోయ్. ఉత్తినే నిలబడమంటావేమిటి?”

“కదలకుండా నిలబడాల. అదే నీ నటన,” అన్నాడు నూకరాజు.

మొదట టిఫిన్ క్యారియర్ పంపారు. యంత్రంలో పెట్టి, కెమెరా ఆపి, తీసేసి, మళ్లీ తిప్పారు. విజయనగరంలో తేలిన క్యారియర్ మూత తీస్తే లోపల ఏమీ ఉండదు. పులిహోర మాత్రం భిలాయిలోనే, గిన్నె ఆకారంలో నేల మీద నిలబడి ఉంటుంది. ఆ పులిహోరను విరక్కుండా బోర్లించడానికి తులసమ్మ నాలుగు సార్లు వండింది. మూడు సార్లు చిత్రబృందం భోంచేసింది.

తర్వాత మెరుపులు కావలసివచ్చాయి. సీరియల్‌లో మనిషి చుట్టూ మిణుకు మిణుకుమంటూ పైకి లేస్తాయే, అవి. నూకరాజు వారం రోజులు తలపట్టుకు కూర్చున్నాడు. ముగ్గులో కలిపే అభ్రకం పొడిని తులసమ్మ చేటలోంచి దులిపి, “ఇది కాదేటి?” అంది. నల్లగుడ్డ ముందు దీపం పెట్టి రాలిస్తే అచ్చం అదే. కానీ కిందికి రాలుతోంది, పైకి లేవాలి కదా అన్నాడతను. “కెమెరా తలకిందులుగా ఎట్టు,” అందావిడ. నూకరాజు కెమెరాను తలకిందులుగా బిగిస్తూ, పదేళ్లుగా ఈమెచేత ఆవకాయ ఒక్కటే పెట్టిస్తున్నానా అనుకున్నాడు.

మనిషిని తీసిన ఫిల్ము మీదే ఈ మెరుపులనూ తియ్యాలి. అంటే ఒకసారి తిరిగిన ఫిల్మును వెనక్కి చుట్టి మళ్లీ తిప్పాలి. రష్యా కెమెరాకు వెనక్కి చుట్టే సదుపాయం లేదు. ఫిల్ముకు వెలుగు తగలకూడదు. అందుకని మే నెల మిట్టమధ్యాహ్నం స్నానాలగది తలుపులు మూసి, కన్నాలన్నిటికీ గుడ్డలు కుక్కి, పైన రెండు బొంతలు కప్పుకుని, లోపల చేతులతో తడుముకుంటూ నూకరాజు ఫిల్ము చుట్టేవాడు. బయటికొచ్చేసరికి కారఖానాలో కొలిమి ముందు నిలబడినవాళ్లు నయమనిపించేది.

ఇంక చివరి దృశ్యం. శాస్త్రజ్ఞుడు తనే యంత్రంలో నిలబడతాడు. లోపలికి ఒక మేక దూరిన సంగతి చూసుకోడు. విజయనగరంలో తేలేసరికి ఒళ్లు తనది, తల మేకది. దీన్ని తీసే పద్ధతి నూకరాజు చాలా కాలంగా ఆలోచించి పెట్టుకున్నాడు. నల్ల తెర ముందు పరబ్రహ్మం తలకు నల్ల ముసుగు తొడుక్కుని నిలబడతాడు. నలుపు మీద నలుపు ఫిల్ములో పడదు కాబట్టి మొండెం మాత్రమే పడుతుంది. ఆ ఫిల్మే వెనక్కి చుట్టి, ఈసారి మేక ఒంటికి నల్లగుడ్డ చుట్టి, తల సరిగ్గా ఆయన మెడ ఉన్న చోటికి వచ్చేట్టు నిలబెట్టి తియ్యాలి. రెండూ కలిసి ఒక్క మనిషవుతాయి.

పరబ్రహ్మం ముసుగులో ఉక్కిరిబిక్కిరవుతూ, లేని కొమ్ములు తడుముకుంటూ, లేని గడ్డం పట్టుకుని ఏడుస్తూ నిమిషంపాటు నటించాడు. మొహం కనపడని నటన తన జీవితంలో అదే మొదటిసారని తర్వాత చాలామందికి చెప్పుకున్నాడు.

మేక కోసం పక్కనే ఉన్న మరోదా అనే ఊరికి వెళ్లారు. అక్కడ బలరాం అనే పాలవాడికి తెల్లటి మేకపోతు ఉంది. బలరాం ఛత్తీస్‌గఢీ తప్ప ఇంకేదీ మాట్లాడడు, మాట్లాడాల్సిన అవసరం ఉందని కూడా అనుకోడు.

“తోర్ సినిమా మా మోర్ బోకరా కాబర్?” అన్నాడు. నీ సినిమాలోకి నా మేకపోతు ఎందుకని.

నూకరాజు తనకొచ్చిన హిందీలో, ఒక పెద్దమనిషికి తల కావాలి భయ్యా అన్నాడు. బలరాంకు అది సబబుగానే తోచింది. మేకతోపాటు తనూ వచ్చాడు. మంచం మీద మేకను నిలబెట్టి, దాని కాళ్లు కదలకుండా నల్లదుప్పటి కింద కూర్చుని పట్టుకున్నాడు. తులసమ్మ కెమెరాకు అందకుండా రేగుకొమ్మ ఆడిస్తుంటే, మేక మెడ చాచి, తీరిగ్గా నములుతూ, చెవి ఒకటి విదిలిస్తూ, నిమిషంపాటు అద్భుతంగా నటించింది. పరబ్రహ్మం కన్నా అదే నయమని నూకరాజుకు అనిపించింది గాని పైకి అనలేదు.

పరబ్రహ్మాన్ని తీశాక, మేకను తియ్యడానికి ముందు, ఇంకొక సంగతి జరిగింది. మండలి కొత్త హాలు తెరిచారు. అధ్యక్షుడు యజ్ఞనారాయణగారు ముప్పావుగంట ఉపన్యసించారు. ఆయన కారఖానాలో పెద్ద ఇంజనీరు. ఎక్కడ మాట్లాడినా ముప్పావుగంటే మాట్లాడతారు. జనం చేతివాచీలు సరిచూసుకునేది ఆయన కూర్చున్నప్పుడే. తన ఉపన్యాసాన్ని కూడా సినిమా తియ్యమని నూకరాజుకు కబురుపెట్టారు. ఫిల్ము చుట్ట మూడు నిమిషాలు కూడా రాదండీ అంటే, ముఖ్యమైన భాగం తీయమన్నారు. ఏది ముఖ్యమో తెలియక నూకరాజు మొదటినుంచి చుట్ట అయిపోయేదాకా తీశాడు. సత్యారావు టేపురికార్డరులో మాటలు పట్టాడు. ఆ ఫిల్ము చుట్ట తెచ్చి, మొండెం చుట్ట ఉన్న పెట్టెలోనే పెట్టాడు నూకరాజు.

అన్నీ బొంబాయి వెళ్లి కడిగించుకుని, వార్షికోత్సవానికి సరిగ్గా ఒక్క పూట ముందు వచ్చాయి. వేసి చూసుకునే వ్యవధి లేదు.

హాలు నిండింది. ముందు వరసలో యజ్ఞనారాయణగారు, పక్కన ఆయన భార్య జ్ఞానప్రసూనగారు. వెనక వరసలో బలరాం, అతని భార్య, నలుగురు పిల్లలు. మొదట అధ్యక్షులవారి ఉపన్యాసం వేశారు. తెర మీద ఆయన, టేపులో ఆయన గొంతు. నిమిషంపాటు అంతా సవ్యంగా సాగింది. కొందరు అలవాటుకొద్దీ కళ్లు మూసుకున్నారు.

“ఆంధ్రులమైన మనం ఏ నేల మీద ఉన్నా, మన ముఖం మనం మరచిపోరాదు,” అంటోంది టేపు.

తెర మీద అధ్యక్షులవారి భుజాల మీద తెల్లని మేక తల ప్రత్యక్షమైంది. ఉపన్యాసం నాడు ఆయన వెనకున్న నీలం పరదా, ఆయన చామనచాయ మొహం రెండూ ఆ తెలుపులో మునిగిపోయాయి. ఒళ్లు ఆయనదే. చెయ్యి ఎత్తి గాలిని గుద్దుతున్నది ఆయనే. పైన మేక తీరిగ్గా నములుతోంది. “సంస్కృతి,” అంది టేపు, మేక మింగింది. “సంప్రదాయం,” అంది టేపు, మేక చెవి విదిలించింది.

ప్రొజెక్టర్ దగ్గర నిలబడిన నూకరాజు ఒకసారి తెర వైపు, ఒకసారి తిరుగుతున్న చుట్ట వైపు చూశాడు. బొంతల కింద చీకట్లో తన చేతికి అందింది ఏ చుట్టో అప్పుడర్థమైంది. ఆపుదామని మీట మీద చెయ్యి వేసి, మళ్లీ తీసేశాడు. హాల్లో ఎవరూ దగ్గలేదు కూడా. నవ్వొచ్చినవాళ్లు కూడా యజ్ఞనారాయణగారి వీపు వైపు చూస్తూ పళ్లు బిగబట్టి కూర్చున్నారు.

వెనక వరసలో బలరాం లేచి నిలబడ్డాడు.

“వో మోర్ బోకరా హే,” అన్నాడు, నిబ్బరంగా. అది నా మేకపోతు.

మొదట నవ్వింది జ్ఞానప్రసూనగారు. ఆవిడ నవ్వాక మిగిలినవాళ్లకు అనుమతి దొరికినట్టయింది. సత్యారావు టేపు ఆపడం కూడా మరిచిపోయాడు.

ఆ నవ్వులు ఇంకా సద్దుమణగకుండానే సినిమా మొదలైంది. పులిహోర నిలబడింది, చప్పట్లు. యంత్రంలో తులసమ్మ నిలబడింది. భిలాయి గోడ ముందు, నేత చీరలో, చేతిలో సంచితో. చుట్టూ మెరుపులు లేచాయి, ఆవిడ లేదు. మరుక్షణం భీమిలి ఇసకలో ఉంది. వెనక అల విరుగుతోంది. కిందటి సెలవులో తీసుకున్న ముక్క అది. మూడు సెకన్లకు మించదు. కానీ అప్పటిదాకా గోలగా ఉన్న హాలు చప్పున ఆగిపోయింది. ఎవరో ముసలావిడ “ఓలమ్మా, ఎల్లిపోనాది,” అని మెల్లగా అంది. నూకరాజు ఆ ఏడాదంతా పడిన చాకిరీకి తనకు దక్కింది అదేనని, అది చాలునని అనుకున్నాడు. ఆ అనుకోవడం కూడా మూడు సెకన్లే.

ఎందుకంటే వెంటనే చివరి దృశ్యం వచ్చింది. పరబ్రహ్మం యంత్రంలో నిలబడ్డాడు, వెనకాలే మేక దూరింది, ఆయన విజయనగరంలో తేలాడు. తల లేదు. మెడ మీద ఉత్త చీకటి. చేతులు రెండూ ఆ చీకట్లో లేని తలను వెతుక్కుంటున్నాయి. చిన్నపిల్లలు ఏడ్చారు. హాలు మధ్యలోంచి ఎవరో గట్టిగా అన్నారు.

“మేక తల అధ్యక్షులవారి దగ్గరకి ఎల్లిపోయిందర్రా. యంత్రం తప్పు చోటకి పంపీసింది.”

అంతే, హాలు విరగబడింది. ముందు చూసిన ఉపన్యాసం, ఇప్పుడు చూస్తున్న మొండెం, రెండూ కలిపి ఒకే కథని అందరికీ ఒక్కసారి తెలిసిపోయింది. యంత్రం పాడైతే ఏమవుతుందో ఆ విదేశీ సీరియల్‌వాడు కూడా ఇలా చూపించలేదన్నారు. అధ్యక్షులవారిని వాడుకోవడానికి ఎంత గుండె కావాలన్నారు. నూకరాజును భుజాలకెత్తుకున్నారు. “పొరపాటయ్యిందిరా, దింపండ్రా,” అని అతను పైనుంచి అంటూనే ఉన్నాడు. వినయం కూడా ఉందని మెచ్చుకున్నారు.

యజ్ఞనారాయణగారు మెచ్చుకోలేదు. నూకరాజును మండలిలోంచి తీసెయ్యాలని మర్నాడే కార్యవర్గ సమావేశం పెట్టించారు.

“ఎవరు చెబితే చేశావు? దక్షిణామూర్తేనా?” అన్నారు. వచ్చే ఎన్నికల్లో అధ్యక్ష పదవికి నిలబడబోయేది దక్షిణామూర్తి.

“ఎవులూ సెప్పలేదు బాబూ. సీకట్లో సుట్ట మారిపోయింది.”

“నా మెడ మీదే సరిగ్గా ఎలా కూర్చుంది మరి? అంగుళం అటూ ఇటూ పోలేదేం?”

ఇది నిజంగా మంచి ప్రశ్న. నూకరాజు ఎవర్ని తీసినా సరిగ్గా మధ్యలో నిలబెట్టే తీస్తాడు. క్రేన్ తోలేవాడి అలవాటు. ఆ మాట చెబితే అధ్యక్షులవారి మొహం ఇంకా ఎర్రబడింది.

“రెండు చుట్టల్లో ఏది ఏదో తెలియని వెధవెవడయ్యా?”

గుమ్మం దగ్గర నిలబడ్డ తులసమ్మ లోపలికొచ్చింది. సంచిలోంచి ఒక బొంత తీసింది, రెండు ఖాళీ చుట్టలు తీసింది. ఒకదాని మీద సుద్దతో గుర్తు పెట్టి అందరికీ చూపించింది.

“బాబుగారూ, మీరు సదువుకున్నోరు. ఈ బొంత కింద కూకుని, సుద్ద గుర్తు ఎట్టింది ఏదో తీసి ఇవ్వండి. ఇచ్చీగల్గితే మా ఆయన్ని మండలిలోంచి తీసీండి.”

కార్యవర్గం యావత్తూ బల్ల వైపు చూసింది. యజ్ఞనారాయణగారు కాసేపు మీసం నిమురుకున్నారు. పెద్ద ఇంజనీరు కదా, పరీక్ష అంటే వెనక్కి తగ్గలేకపోయారు. కళ్లజోడు తీసి పక్కనపెట్టి బొంత కప్పుకున్నారు. లోపలినుంచి కాసేపు కదలికలు, కాసేపు గొణుగుడు, ఒక తుమ్ము వినిపించాయి. బయట పదకొండుమంది సభ్యులు ఆ బొంతకు ఎదురుగా కూర్చున్నారు. చాలాసేపటికి ఒక చెయ్యి బయటికొచ్చి చుట్ట ఒకటి బల్ల మీద పెట్టింది. దాని మీద సుద్ద లేదు.

బొంత తీసేసరికి ఆయన జుట్టు నిలువునా లేచి ఉంది. చుట్ట వైపు చూశారు.

“ఇంకోసారి ప్రయత్నించవచ్చా?” అన్నారు.

“మా ఆయనకి ఇంకోసారి లేదు గదా బాబూ,” అంది తులసమ్మ.

ఆయన నవ్వలేదు. కానీ తీర్మానం పుస్తకం మూసేశారు. ఆ తరవాత ఎన్నికల్లో నెగ్గింది కూడా ఆయనే. దక్షిణామూర్తి ఎవరో చాలామందికి తెలియదు గాని, మేక తలాయన ఎవరో ఎక్కడో ఉన్న చరోదా రైల్వే కాలనీవాళ్లక్కూడా తెలుసు. పైగా ఆయన మాట్లాడటానికి లేస్తే ఎవరూ నిద్రపోవడం లేదు. అందరూ మొహంలోకే తేరిపార చూస్తున్నారు. ఆ చూపులకు ముప్పావుగంట ఉపన్యాసం ఆర్నెల్లు తిరక్కుండానే ఆరు నిమిషాలకు దిగింది.

నూకరాజు మాత్రం పొరపాటని చెప్పడం మానలేదు. పాలబూత్ దగ్గర చెప్పాడు, క్రేన్ మెట్ల దగ్గర చెప్పాడు, బెంగాలీవాళ్ల క్లబ్బు ఆ రెండు చుట్టలూ అడిగి వేయించుకున్నప్పుడు వేదికెక్కి మరీ చెప్పాడు. వాళ్లు దానికీ చప్పట్లు కొట్టారు. పరబ్రహ్మం ఒక్కడే నమ్మాడు. మేక తల పడి ఉంటే తన నటన ఎవరికీ ఆనేది కాదని, తల లేకపోబట్టే అందరూ చేతులు చూశారని ఆయన సంతోషం.

ఎనభై ఏడులో రెండో సినిమా తీశారు. ఈసారి తులసమ్మ చుట్టలకు దారాలు కట్టింది. ఒకదానికి ఒక ముడి, రెండోదానికి రెండు ముళ్లు. బొంత కింద వేళ్లకు తెలిసేట్టు. శాస్త్రజ్ఞుడు గోడలో ఇరుక్కుంటాడు, ఇద్దరవుతాడు, తనతో తనే చదరంగం ఆడి ఓడిపోతాడు. అతుకు ఎక్కడా కనపడలేదు. ఒక్క పొరపాటు లేదు. జనం మర్యాదగా చప్పట్లు కొట్టి టీలకు వెళ్లిపోయారు.

ఫిల్ము చుట్టలు సంచిలో వేసుకుని ఇద్దరూ ఇంటికి నడిచారు.

“బాగా వచ్చింది గదేటి?” అంది తులసమ్మ.

“బాగానే వచ్చింది.”

మర్నాడు షిఫ్టు దిగుతుంటే కొత్తగా చేరిన ఒక ఇంజనీరు, కుర్రాయన, ఆపి పలకరించాడు. ఆ మొదటి సినిమాలో తల ఒకరి నుంచి ఇంకొకరికి పోయేట్టు చెయ్యాలన్న ఆలోచన మీకెలా వచ్చిందండీ అని అడిగాడు. నూకరాజు నోరు తెరిచాడు. రెండేళ్లుగా చెబుతున్న జవాబు నాలిక మీదికి వచ్చింది. చెమట తుడుచుకుని, హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు.

“సాన్నాళ్లు ఆలోచించినానండి,” అన్నాడు.